ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇద్దరికీ ఒకటే పడిగాపులు, పరిహారం మాత్రం ఒకరికే

ప్రశ్న: నేను తెనాలిలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారిని. మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా మ్యూనిక్ వెళ్లి పది వారాలు ఉండి వచ్చాం. తిరుగు ప్రయాణం మ్యూనిక్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్నుంచి హైదరాబాద్. ఒకే టికెట్, ఒకే పీఎన్ఆర్, రెండు విమానాలూ ఒకే యూరప్ సంస్థవి. మ్యూనిక్‌లో విమానం గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేం ఆయాసపడుతూ గేటు దగ్గరికి చేరేసరికి హైదరాబాద్ విమానం తలుపులు మూసేశారు. చేతికి ఒక టిఫిన్ కూపన్ ఇచ్చి మరునాడు రమ్మన్నారు. రాత్రంతా కుర్చీల్లోనే గడిపాం. మర్నాడు వేరే సంస్థ విమానంలో దుబాయ్ మీదుగా పంపించారు. శంషాబాద్‌లో దిగేసరికి 19 గంటల ఆలస్యం. ఒక పెట్టె నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. మా ఆవిడ బీపీ మాత్రలు అందులోనే ఉండిపోయాయి. విమాన సంస్థకు మెయిలు పెడితే, "మ్యూనిక్‌లో ఆలస్యం మూడు గంటలకన్నా తక్కువ, పైగా అది సాంకేతిక కారణం, కాబట్టి పరిహారం వర్తించదు. సుహృద్భావంతో మనిషికి 100 యూరోల వోచర్ ఇస్తాం" అన్నారు.

గుంటూరులో ఉండే మా బావమరిది కూడా అదే నెలలో అమెరికాలోని నెవార్క్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వస్తూ, అదే సంస్థ చేతిలో అలాగే ఇరుక్కుని 22 గంటలు ఆలస్యంగా చేరాడు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన తలా 600 యూరోలు వస్తాయంటాడు, ఇంకొకాయన అవి యూరప్ పౌరులకే అంటాడు. ఏది నిజం? వోచర్లు తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం:

మాస్టారూ, ముందు వోచర్ల సంగతి తేల్చేద్దాం. తీసుకోకండి. ఆ మెయిల్లో "అంగీకరిస్తున్నాను" అనే మీట ఏదైనా ఉంటే దాని జోలికి పోకండి. కింద సన్నటి అక్షరాల్లో "దీంతో నా క్లెయిములన్నీ తీరిపోయినట్టే" అని ఉండొచ్చు. పరిహారాన్ని నగదుగానో, బ్యాంకు ఖాతాకో, చెక్కుగానో ఇవ్వాలి. వోచర్ ఇవ్వాలంటే ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకోవాలి. యూరప్ నిబంధనలోనే ఆ మాట ఉంది. నేనూ ఓసారి ఇలాంటి వోచర్‌కే మురిసిపోయాను. ఏడాది గడువు, ఆ సంస్థ విమానమే ఎక్కాలి, ఒక టికెట్‌కు ఒకటే వాడాలి. అది మా బీరువాలో పెళ్లి శుభలేఖల మధ్య పడి ఉండగానే గడువు తీరిపోయింది. మీకు రావాల్సింది 200 యూరోల వోచర్లు కాదు. ఇద్దరికీ కలిపి 1,200 యూరోల డబ్బు. మన రూపాయల్లో లక్ష పైమాటే.

బావమరిదిగారికి మాత్రం ఆ 600 రావు. వాట్సాప్ పెద్దమనుషులిద్దరూ సగం సగం తప్పే చెప్పారు. ఒకే విమానాశ్రయం, ఒకే సంస్థ, ఇంచుమించు ఒకే కష్టం, అయినా మీకు వచ్చి ఆయనకు రాకపోవడమేమిటంటే, దానికి కారణం టికెట్ మీద మొదటి ఊరు పేరు.

యూరప్ నిబంధన నంబరు 261/2004. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అది మీ పాస్‌పోర్టు రంగు అడగదు. తెనాలి మాస్టారైనా, మ్యూనిక్ మేయరైనా ఒకటే. అది అడిగేవి రెండే ప్రశ్నలు: ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, విమానం ఎవరిది. యూరోపియన్ యూనియన్‌లోని విమానాశ్రయంలో మొదలైతే విమానం ఏ దేశపు సంస్థదైనా నిబంధన వర్తిస్తుంది. బయటి దేశంలో మొదలై యూరప్‌లో ముగిస్తే మాత్రం విమానం యూరప్ సంస్థదై ఉండాలి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్ యూనియన్‌లో లేకపోయినా ఈ లెక్కలో ఉన్నట్టే. మీ టికెట్ మ్యూనిక్‌లో మొదలైంది కాబట్టి మీ విషయంలో రెండో ప్రశ్న దాకా పోనక్కర్లేదు.

ఇక సంస్థ చెప్పిన రెండు సాకులు.

మ్యూనిక్‌లో ఆలస్యం గంటా ఇరవై నిమిషాలే కదా అన్నది మొదటిది. వినడానికి లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది, మీలాంటి లెక్కల మాస్టారినే బోల్తా కొట్టించింది. కానీ ఒకే బుకింగ్‌లో ఉన్న విమానాలను కోర్టు ముక్కలుగా చూడదు. చివరి ఊళ్లో ఎన్ని గంటలు ఆలస్యంగా దిగారన్నదే లెక్క. 2013లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం సరిగ్గా ఇలాంటి కేసునే తేల్చింది, నంబరు సి-11/11. ఒక ప్రయాణికురాలు జర్మనీలోని బ్రెమెన్ నుంచి పారిస్, సావో పాలో మీదుగా పరాగ్వే రాజధాని అసున్సియోన్ వెళ్లాలి. బ్రెమెన్‌లో విమానం రెండున్నర గంటలు ఆలస్యమైంది. పారిస్‌లో తర్వాతి విమానం తప్పిపోయింది. అసున్సియోన్ చేరేసరికి 11 గంటల ఆలస్యం. బయల్దేరినప్పటి ఆలస్యం ఎంతన్నది అక్కర్లేదు, గమ్యంలో మూడు గంటలు దాటిందా లేదా అన్నదే చూడాలి అంది కోర్టు. బ్రెమెన్ తీసి మ్యూనిక్ పెట్టండి, అసున్సియోన్ తీసి శంషాబాద్ పెట్టండి. మీ కేసే.

దిగడం అంటే చక్రాలు నేలకు తాకిన క్షణం కూడా కాదు. విమానం తలుపు కనీసం ఒకటి తెరిచి ప్రయాణికులు దిగొచ్చు అన్నప్పటి సమయం. 2014లో ఆ సంగతీ తేల్చారు. మీది 19 గంటలు కాబట్టి నిమిషాల గొడవ లేదు. రెండు గంటల యాభై నిమిషాలా, మూడు గంటల ఐదు నిమిషాలా అని వాదన పడేవాళ్లు మాత్రం తలుపు తెరిచినప్పుడు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే మంచిది.

రెండో సాకు "సాంకేతిక కారణం". అసాధారణ పరిస్థితులైతే సంస్థ పరిహారం ఇవ్వక్కర్లేదన్న మినహాయింపు నిబంధనలో ఉంది నిజమే. తుపాను, విమానాశ్రయం మూసేయడం, గగనతల నియంత్రకుల ఆంక్షలు, ఇంజన్‌లో పక్షి పడటం అలాంటివి. విమానం పాడవడం మాత్రం ఆ జాబితాలోకి మామూలుగా రాదు. ఆర్టీసీ బస్సు పంక్చరైతే అది దైవఘటన అని డిపో మేనేజరు అంటే మనం ఊరుకుంటామా? 2008లో ఒక తీర్పు (సి-549/07), 2015లో ఇంకొకటి (సి-257/14) వచ్చాయి. రెండోది చదవదగ్గది. ఈక్వడార్‌లోని కీటో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ రావాల్సిన డచ్ సంస్థ విమానం 29 గంటలు ఆలస్యమైంది. రెండు భాగాలు చెడిపోయాయి, విడిభాగాలను ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తెప్పించాల్సి వచ్చింది, ఆ భాగాలకు ఇంకా ఆయుష్షు ఉంది, ముందుగా పసిగట్టే వీల్లేదు, ఇన్ని చెప్పుకుంది సంస్థ. అయినా విమానాలు నడిపేవాడికి యంత్రం చెడటం మామూలు వ్యాపారంలో భాగమేనని కోర్టు కొట్టేసింది. తయారీలోనే దాగిన లోపమని తయారీదారుడే ప్రకటిస్తేనో, ఎవరైనా విధ్వంసానికి పాల్పడితేనో అది వేరే సంగతి. ఆ సంగతిని సంస్థే రుజువు చేయాలి, మీరు కాదు. "సాంకేతిక కారణం" అని మీకు రాసిన ఆ మెయిలును పదిలంగా దాచుకోండి. తప్పించుకోబోయి ఒప్పేసుకున్నారు.

ఎంత వస్తుందన్నది దూరాన్ని బట్టి: 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, మధ్య దూరాలకు 400, యూనియన్ బయటికి 3,500 కిలోమీటర్లు దాటితే 600. మ్యూనిక్ నుంచి హైదరాబాద్ ఆరు వేల కిలోమీటర్ల పైనే. ఇంత దూరపు ప్రయాణంలో ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే సగం కోసి 300 ఇవ్వొచ్చు. మీకా కోత లేదు. టికెట్ ధర ఎంతన్నదీ దీనికి సంబంధం లేదు, మీ అమ్మాయి ఆఫర్‌లో కొన్నా సరే.

ఆ రాత్రి కుర్చీల సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు అసలు కోపం తెప్పించింది అదే. రాత్రి ఉండిపోవాల్సి వస్తే హోటల్ గది, అక్కడికి వెళ్లొచ్చే బండి, వేళకు తిండి, రెండు ఫోన్ కాల్స్ సంస్థే ఇవ్వాలి. ఇది పరిహారంతో సంబంధం లేని బాధ్యత. తుపానైనా తప్పదు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు యూరప్ ఆకాశమంతా మూతపడ్డప్పుడు కూడా ఈ బాధ్యత పోదనే 2013లో కోర్టు చెప్పింది. సంస్థ గది ఇవ్వకపోతే మనమే మామూలు గది తీసుకుని రసీదు పంపొచ్చు. పడుకోని గదికి మాత్రం డబ్బు అడగలేం. కాబట్టి మీరు ఆ రాత్రి తిన్నదానికి, మర్నాడు కాఫీకి, నీళ్ల సీసాకు పెట్టిన డబ్బే అడగాలి. ఆ రసీదులు ఇప్పుడే బయటికి తీసి ఫొటో తీయండి. ఆ కాగితం మీద అక్షరాలు నిలవవు. మన పెట్రోలు బంకు చీటీ షర్టు జేబులో వారం ఉంటే ఏమవుతుందో చూశారు కదా, యూరప్ చీటీ కూడా అంతే.

పనిలో పనిగా ఒక మాట. తిరుగు టికెట్టును షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా) చివరి రోజున పెట్టుకునేవాళ్లు మనలో చాలామంది. అమ్మాయి దగ్గర ఇంకొక్క రోజు ఉందామని ఆశ. విమానం తప్పి ఒక రాత్రి గడిస్తే ఆ ఒక్క రోజే పీకల మీదికొస్తుంది. రెండు మూడు రోజులు మిగిలేలా పెట్టుకోండి.

సంస్థకు మళ్లీ రాయండి. ఇంగ్లీషులో రాసినా సారం ఇంతే ఉండాలి: "ఫలానా పీఎన్ఆర్, ఫలానా తేదీ, మ్యూనిక్ నుంచి హైదరాబాద్‌కు ఒకే బుకింగ్. గమ్యానికి 19 గంటలు ఆలస్యంగా చేరాం. కేసు సి-11/11 ప్రకారం ఆలస్యాన్ని గమ్యంలోనే లెక్కించాలి. సి-257/14 ప్రకారం సాంకేతిక లోపం అసాధారణ పరిస్థితి కాదు. నిబంధన 261/2004లోని ఏడో అధికరణం కింద ఒక్కొక్కరికి 600 యూరోలు, తొమ్మిదో అధికరణం కింద జత చేసిన రసీదుల మొత్తం చెల్లించండి. వోచర్‌ను అంగీకరించడం లేదు." రాత్రి పడ్డ అవస్థ, మనవడి ముద్దు ముచ్చట్లు, మీ ఆవిడ మోకాళ్ల నొప్పి ఇందులో వద్దు. అవి చదివి కరిగిపోయే మనిషి ఆ మెయిలుకు అవతల ఉండడు. రాయాల్సింది మొదట టికెట్ ఇచ్చిన సంస్థకే. దుబాయ్ మీదుగా మిమ్మల్ని తెచ్చిన సంస్థకు ఇందులో పాపం లేదు.

రెండు నెలలు చూడండి. జవాబు రాకపోయినా, మళ్లీ అదే పాట పాడినా, జర్మనీలో ప్రయాణికుల ఫిర్యాదులకు మధ్యవర్తిత్వం చేసే సంస్థ బెర్లిన్‌లో ఉంది. ష్లిఖ్‌టుంగ్స్‌ష్టెల్లె అంటే మీ అమ్మాయికి తెలిసిపోతుంది. విమాన సంస్థ అందులో సభ్యురాలైతే ప్రయాణికుడికి పైసా ఖర్చుండదు, పని ఆన్‌లైన్లోనే జరుగుతుంది. దానికీ లొంగకపోతే మ్యూనిక్ విమానాశ్రయం ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులో దావా వేయొచ్చు, ప్రయాణం మొదలైన చోటి కోర్టుకు ఆ అధికారం ఉంది. జర్మనీలో గడువు మూడేళ్లు, అదీ ప్రయాణం చేసిన సంవత్సరం ముగిసిన నాటి నుంచి. 2025లో ప్రయాణం చేసినవారికి 2028 డిసెంబరు 31 దాకా ఉన్నట్టు. కంగారేం లేదు.

"మీ పరిహారం మేం ఇప్పిస్తాం" అనే కంపెనీల ప్రకటనలు మీ ఫోన్‌లో ఈపాటికి మొదలయ్యే ఉంటాయి. అవన్నీ మోసమని నేననను. కానీ వచ్చినదాంట్లో మూడో వంతు దాకా, కోర్టుకెళ్తే ఒక్కోచోట సగం దాకా పట్టుకుంటాయి. ఒకసారి వాళ్లకు హక్కు రాసిచ్చాక మీరు నేరుగా సంస్థను అడగలేరు. మీ కేసు ఇంత తేటగా ఉన్నప్పుడు 400 యూరోలు ఎవరికో ధారపోయడం ఎందుకు? పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కాక కూడా పని కాకపోతే అప్పుడు చూద్దాం.

పెట్టె సంగతికి గడువు ఉంది కాబట్టి మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా రాశాను. మిగతా పాఠకుల కోసం మళ్లీ చెబుతున్నాను. లగేజీ ఆలస్యానికి యూరప్ నిబంధన వర్తించదు, 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం చూసుకుంటుంది. పెట్టె చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పెట్టె పగిలిపోయి వస్తే ఏడు రోజులే. శంషాబాద్‌లో బెల్టు పక్కన కౌంటర్లో పెట్టె రాలేదని రాయించుకున్న పీఐఆర్ కాగితం ఉంది కదా, అదే ఫిర్యాదు అనుకుని ఊరుకుంటారు చాలామంది. ఖర్చులు అడగాలంటే ఆ కాగితం నంబరు వేసి విడిగా మెయిలు పెట్టాలి. మీ శ్రీమతిగారికి మళ్లీ కొన్న మాత్రల బిల్లు, డాక్టర్ చీటీ జత చేయండి. సొంత ఊరికే వచ్చారు కదా, బట్టలు ఇంట్లోనే ఉంటాయి కదా అని సంస్థ వాదిస్తుంది, అందులో కొంత న్యాయం ఉంది కూడా. మాత్రల విషయంలో ఆ వాదన చెల్లదు. ఇకముందు మాత్రలు చేతి సంచిలోనే పెట్టండి మాస్టారూ, పచ్చళ్ల సీసాలకు ఇచ్చిన మర్యాద వాటికీ ఇవ్వండి.

ఇప్పుడు బావమరిదిగారు.

ఆయన టికెట్ నెవార్క్‌లో మొదలై హైదరాబాద్‌లో ముగిసింది. రెండు కొసలూ యూరప్ బయటే. ఇరుక్కున్నది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, విమానం యూరప్ సంస్థది, అయినా లాభం లేదు. 2022 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ ముడి విప్పింది (సి-451/20). మాల్డోవాలోని కిషినౌ నుంచి వియన్నా మీదుగా బ్యాంకాక్ వెళ్లే టికెట్ మీద గొడవ. మధ్యలో ఆగిన ఊరు ఒక్కటే యూరప్‌లో ఉంటే నిబంధన వర్తించదని తేల్చారు. గమనించారా, మిమ్మల్ని గట్టెక్కించిన సూత్రమే ఆయన్ని ముంచింది. ఒకే బుకింగ్‌ను ముక్కలు చేయకూడదంటే, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ముక్కను విడదీసి "ఇది యూరప్‌లోనే మొదలైంది కదా" అనడానికీ వీల్లేదు. 2021లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు కూడా అమెరికాలోని కాన్సాస్ సిటీ నుంచి లండన్ మీదుగా భారత్ వచ్చే ఒక ప్రయాణికురాలికి ఇదే మాట చెప్పింది. హైదరాబాద్‌లో రానూపోనూ టికెట్ కొన్నా తిరుగు ప్రయాణాన్ని వేరే ప్రయాణంగానే లెక్కేస్తారు. అమెరికాకు వెళ్లొచ్చే మనవాళ్లలో ఎంతమంది ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వెళ్తారో! ఆ 600 యూరోల ఆశ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఇదే జవాబు.

అమెరికా చట్టంలోనూ ఆలస్యానికి డబ్బు లేదు. అంతర్జాతీయ విమానం ఆరు గంటలు, ఆపైన ఆలస్యమై, ప్రయాణికుడు ఇక వెళ్లనని మానుకుంటే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలంతే. ఆలస్యంగానైనా ఎక్కి వచ్చేస్తే అది కూడా లేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఆలస్యానికి తిండి, 24 గంటలు దాటితే హోటల్, రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య లేవాల్సిన విమానం ఆరు గంటలు దాటితే అప్పుడూ హోటల్ ఉన్నాయి. ఇంత ఆలస్యమైతే ఇన్ని వేలు అన్న పట్టిక మాత్రం రద్దులకూ, సీటు లేదని దింపేసినవారికే.

ఆయనకు మిగిలింది మాంట్రియల్ ఒప్పందం. భారత్ 2009లో చేరింది, అమెరికా అంతకు ముందే ఉంది. దాని 19వ అధికరణం ప్రకారం ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించాలి. తప్పించుకోవాలంటే చేయగలిగినదంతా చేశామని సంస్థే రుజువు చేయాలి. గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు చివరి నుంచి మనిషికి 6,303 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే విలువ. మొత్తం ఎనిమిది వేల డాలర్ల పైమాటే. వాట్సాప్‌లో ఎవరో ఇది చూసి "ఎనిమిది వేల డాలర్లు వస్తాయట" అని పెట్టకముందే చెబుతున్నా, అది గరిష్ఠం. వచ్చేది రుజువైన నష్టమే. ఆయన తిన్నదానికి రసీదు, అవసరమై గది తీసుకుంటే దాని బిల్లు, శంషాబాద్ నుంచి గుంటూరుకు ముందే మాట్లాడుకున్న కారుకు పోయిన అడ్వాన్సు, ఇలాంటివి. ఆయన దగ్గర షెంజెన్ వీసా లేకపోతే ఊళ్లో హోటల్‌కు పోనివ్వరు, ట్రాన్సిట్ ప్రాంతంలో ఉన్నదాంతోనే సర్దుకోవాలి. అక్కడ ఏమీ మామూలు ధరకు దొరకదు. బిల్లు పెద్దగా ఉందని మొహమాటపడొద్దు.

మొదట సంస్థకు మెయిలు, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు. చాలా చిన్న మొత్తాలు ఇక్కడే తెగిపోతాయి. తెగకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదీ ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. టికెట్ ఖరీదు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. విమాన ఒప్పందాల కింద వచ్చే కేసులను వినియోగదారుల కమిషన్లు విచారించొచ్చని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గడువు రెండేళ్లు. మాంట్రియల్ ఒప్పందంలో ఈ రెండేళ్లు మహా కఠినం, ఒక్క రోజు దాటినా హక్కే పోతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఆయన ముందు ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు వెతకాలి. అమెరికా వెళ్లేటప్పుడు పిల్లలు తప్పకుండా ఒక పాలసీ కడతారు, దాని మొహం మళ్లీ ఎవరూ చూడరు. చాలా పాలసీల్లో ఇన్ని గంటలు దాటిన ఆలస్యానికి ఇంత అని ఉంటుంది, టికెట్ కొన్న క్రెడిట్ కార్డు మీద కూడా ఒక్కోసారి ఉంటుంది. దానికి కావాల్సిందల్లా ఎన్ని గంటలు ఆలస్యం, ఎందుకు అన్నది విమాన సంస్థ రాసిచ్చే పత్రం. అది అడిగితే ఇవ్వడానికి సంస్థకు పెద్ద అభ్యంతరం ఉండదు. కమిషన్ మెట్లెక్కే ముందు ఈ పని అయిపోవాలి, పాలసీల గడువు రోజుల్లోనే ఉంటుంది.

ఇదే ప్రశ్న వేరే దారుల గురించి అడిగినవాళ్లూ ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా మీదుగా గల్ఫ్ సంస్థల్లో అమెరికా వెళ్లొచ్చేవారికి యూరప్ చట్టం ఊసే లేదు, బావమరిదిగారి దారే. అదే గల్ఫ్ సంస్థలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తే, మొదలైంది యూరప్‌లో కాబట్టి, దుబాయ్‌లో తప్పిపోయినా 600 వస్తాయి. వెళ్లేటప్పుడు మాత్రం రావు. లండన్ నుంచి వచ్చేవారికి బ్రిటన్ తన సొంత నకలు పెట్టుకుంది, మనవైపు దూరాలకు 520 పౌండ్లు. ఇంగ్లండ్‌లో గడువు ఆరేళ్లు, కాబట్టి పాత ప్రయాణాలు కూడా తవ్వుకోవచ్చు. కెనడాకు వెళ్లేవారికీ వచ్చేవారికీ పెద్ద సంస్థలైతే ఆలస్యాన్ని బట్టి 400, 700, 1,000 కెనడా డాలర్లు, కానీ భద్రత కోసం ఆపామంటే ఇవ్వరు, పైగా ఏడాదిలోపే అడగాలి.

మాస్టారూ, చివరగా డబ్బు వచ్చే దారి. సంస్థ ఫారంలో ఐబాన్ నంబరు, అంటే యూరప్ తరహా బ్యాంకు ఖాతా నంబరు, అడుగుతుంది. మన బ్యాంకులకు ఐబాన్ ఉండదు, ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. మీ బ్రాంచిలో స్విఫ్ట్ కోడ్ అడిగి తీసుకుని, ఖాతా నంబరుతో పాటు మెయిల్లో రాయండి. అది చిక్కనిపిస్తే మా తరఫున మా అమ్మాయి ఖాతాలో వేయండని ఇద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం, పాస్‌పోర్టు నకళ్లు పంపండి. డబ్బు పడ్డాక ఆ వాట్సాప్ గ్రూపులో చెప్పకుండా ఉండలేరని తెలుసు. చెప్పేటప్పుడు టికెట్ మ్యూనిక్‌లో మొదలైందన్న ముక్క మాత్రం మరిచిపోకండి. లేకపోతే నెవార్క్‌లో ఎక్కినవాళ్లంతా వచ్చే నెల నాకు ఉత్తరాలు రాస్తారు.